రీల్‌లో ఇరవై సెకన్లు... మా బాత్‌రూమ్‌లో రెండు నెలలు!

‘పాత బాత్‌రూమ్‌ని ఒక్క రోజులో మార్చేశా’ అనే రీల్ మీ ఫీడ్‌లోకి కూడా వచ్చే ఉంటుంది. ఎక్కడో విదేశంలో ఒకమ్మాయి చెక్కలాంటి పలకల డబ్బా విప్పుతుంది. కత్తితో గీసి టక్కున విరుస్తుంది. ఒకదాని పక్కన ఒకటి టకటకా పెట్టేస్తుంది. వెనక మంచి మ్యూజిక్. ఇరవై సెకన్లలో బాత్‌రూమ్ కాస్తా స్టార్ హోటల్ అయిపోతుంది. కింద కామెంట్లలో మనవాళ్లే: ‘బ్రో, ఇది మన ఇండియాలో దొరుకుద్దా?’

దొరుకుతుంది. ఖమ్మంలో దొరుకుతుంది, కొత్తగూడెంలో ఆర్డర్ ఇస్తే తెప్పిస్తారు, ఫోన్‌లో బుక్ చేస్తే భద్రాచలం దాకా డబ్బా వచ్చేస్తుంది. అసలు అడగాల్సింది వేరు. ఆ రీల్‌లో అమ్మాయి బాత్‌రూమ్‌లో బకెట్ ఉందా? చెంబు ఉందా? గోడ పక్కన నీళ్లు పోయే జాలీ ఉందా? మళ్లీ ఒకసారి చూడండి, ఉండవు. వాళ్లు టబ్బులోనో, అద్దాల గదిలోనో స్నానం చేస్తారు. నేల మీద చుక్క పడితే గుడ్డతో తుడుస్తారు. మనం? బకెట్ నిండా తోడుకుని నెత్తి మీద గుమ్మరించుకుంటాం. గోడలు తడుస్తాయి, తలుపు తడుస్తుంది, నేలైతే రోజంతా తడిగానే ఉంటుంది. అక్కడి పలక తెచ్చి ఇక్కడ వేసేముందు ఈ ఒక్క తేడా గురించి ఆలోచించాలి. నా రెండు నెలలూ దాని చుట్టూనే తిరిగాయి.

మా ఇల్లు సారపాకలో. పేపర్ మిల్లు ఉన్న ఊరు. గోదావరి వంతెన దాటితే భద్రాచలం, వెనక్కి తిరిగి కాస్త దూరం పోతే అడివి. తాత కట్టించిన ఇల్లు కాబట్టి బాత్‌రూమ్‌లో కూడా నాపరాళ్లే. ఐదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. ఒక చివర కమోడ్, వాష్ బేసిన్. ఇంకో చివర స్నానాల మూల, జాలీ.

దీన్ని మార్చాల్సిందే అని ఇంట్లో అందరం ఒప్పుకున్నది అమ్మమ్మ పడ్డ తర్వాత. పొద్దున్నే ఐదింటికి మొహం కడుక్కోవడానికి వెళ్లింది. కాలు జారింది. చెయ్యి ఆనించింది, మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టు. డాక్టర్ చెప్పిన మాట మా అమ్మకి రాత్రుళ్లు నిద్ర లేకుండా చేసింది: ‘చెయ్యి కాబట్టి సరిపోయింది. ఈ వయసులో తుంటి విరిగితే మంచమే.’ అమ్మమ్మకి 74. చెట్టు నుంచి మునక్కాయలు కోసే మనిషి. మంచం అనే మాట ఆమెకి పనికిరాదు.

జారింది రాయి కాదు, పాచి

నాపరాయికి అన్యాయం చెయ్యకూడదు. తాండూరు నుంచో, బేతంచర్ల నుంచో, కర్ణాటకలోని షాబాద్ నుంచో వచ్చే ఈ రాయి మన రెండు రాష్ట్రాల్లో కొన్ని తరాలని మోసింది. ఎండాకాలం పడుకుంటే చల్లగా ఉంటుంది. చవక. పగలదు. కానీ దానికి ఒక శత్రువు ఉంది, ఆ శత్రువుని మనమే ప్రతి ఆదివారం సీసాలో తెచ్చి పోస్తాం.

నాపరాయి అంటే సున్నపురాయి. కెమిస్ట్రీ క్లాసులో సున్నపురాయి మీద యాసిడ్ వేస్తే ఏమవుతుందో గుర్తుందా? బుస్సుమని నురగ. బోరు నీళ్లలోని ఉప్పు వల్ల నేల మీద తెల్లటి మరకలు కడతాయి కదా, అవి పోవాలని బాత్‌రూమ్ యాసిడ్ పోస్తాం. నురగ వస్తుంది, ‘అబ్బ, మురికి ఎలా పోతుందో’ అనుకుంటాం. పోయేది మురికి ఒక్కటే కాదు, రాయి కూడా. రాళ్ల మధ్య ఉన్న సిమెంటు దరి అంతకన్నా ముందే పోతుంది. నున్నటి రాయి మీద కంటికి కనిపించని గుంటలు పడతాయి. ఆ గుంటల్లో నీళ్లు నిలుస్తాయి, పాచి పడుతుంది. ఎంత రుద్దినా పై పొర పోతుంది తప్ప గుంటలోది అక్కడే ఉంటుంది. మళ్లీ యాసిడ్. మళ్లీ కొత్త గుంటలు.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి, ఇది ఈ వ్యాసంలో మిగతా అన్నిటికన్నా ముఖ్యం. పాచి పోవడానికి బ్లీచింగ్ పౌడర్ చల్లుతాం. మంచిదే. కానీ దాని మీద యాసిడ్ గానీ, టాయిలెట్ క్లీనర్ గానీ పొయ్యకండి. ఆ క్లీనర్లలో ఎక్కువ వాటిల్లో ఉండేది కూడా యాసిడే. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపేసుకున్న చిన్న బాత్‌రూమ్‌లో అది ఊపిరితిత్తులకి విషం. ఒకరోజు ఇది, ఒకరోజు అది. మధ్యలో బోలెడు నీళ్లు. ఇంట్లో క్లీనింగ్ చేసేది అమ్మ అయితే, ఈ పేరా ఒక్కటి ఫోన్‌లో చదివి వినిపించండి.

మా ప్రాంతంలో అడివి అంచు ఊళ్లకి వెళ్తే నేల సంగతి ఇంకోలా ఉంటుంది. కోయగూడేల్లో ఇళ్లు ఇప్పటికీ మట్టితో అలికే ఉంటాయి. స్నానానికి పెరట్లో వెదురు తడకల చాటు, మధ్యలో ఒక గరుకు బండ. పైన కప్పు ఉండదు. నీళ్లు పక్కనున్న అరటిచెట్టుకి పోతాయి, గంటలో ఎండకి బండ ఎండిపోతుంది. గరుకు రాయి, ఎండ, గాలి మూడూ ఉన్నచోట పాచికి పనేముంది? మనం ఆ బండని తీసుకొచ్చి నాలుగు గోడల మధ్య పెట్టాం, నున్నగా పాలిష్ పట్టాం, వెంటిలేటర్‌కి దోమల భయంతో అట్ట అడ్డం పెట్టాం. తర్వాత జారుతోందని రాయిని తిడుతున్నాం.

వినైల్ అంటే ఏంటి?

వినైల్ అంటే పీవీసీ. మన ఇంట్లో నీళ్ల పైపు ఏదో అదే. 1926లో అమెరికాలో వాల్డో సీమన్ అనే కెమిస్టు గట్టిగా పెళుసుగా ఉండే పీవీసీని మెత్తగా వంగేలా చేసే దారి కనిపెట్టాడు. 1933 నాటి షికాగో ప్రపంచ ప్రదర్శనలో వినైల్ నేల జనానికి కనిపించింది. మనకి మాత్రం ఇది ‘ప్లాస్టిక్ కార్పెట్’గా ఎప్పుడో తెలుసు. షాపులో చుట్టలు చుట్టి నిలబెడతారు, మీటర్ల లెక్కన కోసి ఇస్తారు, అదే. ఇప్పుడు వచ్చే పలకలు దాని పెద్దన్నలు.

రెండు రకాలు బాగా కనిపిస్తాయి. ఒకటి ఎస్‌పీసీ. సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి గట్టిగా చేసిన పలక. నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్ల మందం ఉంటుంది, అంచులు ఒకదానిలో ఒకటి టక్కుమని ఇరుక్కుంటాయి, గమ్ అక్కర్లేదు. రీళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. రెండోది రెండు మూడు మిల్లీమీటర్ల పల్చటి పలక, గమ్‌తో అంటించేది.

చూడగానే మొదటిదే సుఖం అనిపిస్తుంది. మన బాత్‌రూమ్‌కి మాత్రం రెండోదే నయం. ఎందుకంటే మన బాత్‌రూమ్ నేల చదునుగా ఉండదు, ఉండకూడదు. నీళ్లు జాలీ వైపు పోవాలంటే మీటరుకి సుమారు ఒక సెంటీమీటర్ వాలు ఉండాలి. గట్టి ఎస్‌పీసీ పలక ఆ వాలుకి, వాలు మారే చోటుకి వంగదు. కింద డొల్ల మిగులుతుంది. నడిచినప్పుడల్లా అతుకు కదులుతుంది, అందులోంచి నీళ్లు కిందకి దిగుతాయి. పలకకి ఏం కాదు, అది వాటర్‌ప్రూఫే. డబ్బా మీద ‘100 శాతం వాటర్‌ప్రూఫ్’ అని రాసింది అబద్ధం కాదు. కానీ అది పలక గురించి రాసింది, పలక కింద నేల గురించి కాదు. కింద నిలిచిన సబ్బునీళ్లు ఎటూ పోలేక వాసన వస్తాయి.

ఇంకో మాట. అదే షాపులో చెక్కపొట్టుతో చేసిన లామినేట్ పలకలు కూడా ఉంటాయి, చూడ్డానికి అచ్చం ఇలాగే. అవి బాత్‌రూమ్‌కి అస్సలు వద్దు, నీళ్లు తగిలితే అప్పంలా ఉబ్బుతాయి. పైగా అడివి పక్కన చెదలకి మనకన్నా ముందే తెలిసిపోతుంది, ఏ ఇంట్లో చెక్క ఉందో.

సగం సగం

అన్నీ చదివాక, అడిగాక నేను తేల్చుకున్నది ఇది: బాత్‌రూమ్ మొత్తానికీ వినైల్ వెయ్యను. కమోడ్, బేసిన్ ఉన్న పొడి వైపు నాలుగున్నర అడుగులు వినైల్. స్నానాల మూల మూడున్నర అడుగులు రాయి. రోజూ నలుగురు బకెట్లతో స్నానం చేసే చోట అతుకులున్న ప్లాస్టిక్ వెయ్యమని నేనైతే ఎవరికీ చెప్పను, షాపువాళ్లు ఎంత చెప్పినా సరే.

రాయి అన్నప్పుడు ఖమ్మం వాళ్లకి ఒక అదృష్టం ఉంది. ఇక్కడి బ్లాక్ గ్రానైట్ దేశాలు దాటి పోతుంది. ఖమ్మం చుట్టుపక్కల కోత ఫ్యాక్టరీల్లో పెద్ద స్లాబులు కోశాక మిగిలిన కట్ పీసులు గుట్టలుగా పడుంటాయి. వాటిల్లో అద్దంలా మెరిసేవి వద్దు. మంటతో కాల్చి పైపొర పెచ్చులు లేపిన గరుకు ముక్కలు ఉంటాయి, ‘ఫ్లేమ్డ్’ అంటారు. అవి అడగండి. చిన్నవే మంచివి, అడుగు కన్నా తక్కువ. ఎక్కువ అతుకులుంటే కాలికి ఎక్కువ పట్టు. గ్రానైట్‌కి మామూలు బాత్‌రూమ్ యాసిడ్‌తో నాపరాయికి ఉన్నంత గొడవ లేదు. అయినా పొయ్యకండి, మధ్యలో ఉన్న దరి పోతుంది.

టైల్సే వేసుకునేవాళ్లు డబ్బా మీద ‘ఆర్’ నంబర్ చూడండి. జారుడు ఎంత ఆపుతుందో చెప్పే జర్మన్ లెక్క అది, ఆర్9 నుంచి ఆర్13 దాకా ఉంటుంది. బాత్‌రూమ్‌కి ఆర్10, తడి మూలకి ఆర్11 ఉంటే నయం. షాపులో అడిగితే కొందరు తెల్లమొహం వేస్తారు. అప్పుడు టైల్ మీద కాసిని నీళ్లు పోసి, చెప్పు విడిచి, అరికాలితో రుద్ది చూడండి. ఎవరేమనుకుంటే మనకేం?

రాయి పని నాది కాదు. పాత నాపరాళ్లు లేపాలి, వాలు కట్టాలి, జాలీ చుట్టూ సరిచెయ్యాలి. దానికి మేస్త్రి కావాలి. మా వీధిలోనే ఉండే పెద్దాయన వచ్చి, నేలంతా కర్రతో కొట్టుకుంటూ తిరిగాడు. కొన్నిచోట్ల టక్ టక్, కొన్నిచోట్ల డబ్ డబ్. ‘ఇనపడుతుందా అబ్బాయ్? ఈ డబ్బుమనేయన్నీ కింద డొల్ల. దర్లు తినేసినయి, నీళ్లు దిగి కింద ఇసక కొట్టుకపోయింది. పైన నువ్వు బంగారం పరిచినా ఉండదు’ అన్నాడు.

సరిగ్గా ఆ మాటనే ఒక పాలిథిన్ కవర్ కూడా చెప్పింది. పరీక్ష చాలా తేలిక. రెండడుగుల కవర్ ముక్క నేల మీద పరిచి, నాలుగువైపులా టేపు గట్టిగా అంటించి, 24 గంటలు వదిలేయాలి. లేపి చూస్తే కింద చెమట పట్టి ఉంటే, నేల లోపలినుంచి తడి పైకి వస్తున్నట్టు. అలాంటి నేల మీద వినైల్ వేస్తే తడికి బయటికి దారి ఉండదు. గమ్ వదిలేస్తుంది, అంచులు లేస్తాయి. నవంబర్‌లో మా కవర్ కింద చుక్కలు చుక్కలుగా నీళ్లు. వర్షాకాలం వెళ్లిపోయినా మా నేలకి ఇంకా తెలియలేదు.

అందుకే ఆగాల్సి వచ్చింది. రీల్‌లో చూపించని భాగం ఇదే. మేస్త్రి వచ్చి డొల్ల రాళ్లు తీసి, తడి మూలలో వాలు కట్టి, గ్రానైట్ ముక్కలు వేసి వెళ్లాక, పొడి వైపు నేలని ఎండబెట్టడానికే నాకు వారాలు పట్టింది. స్నానాలన్నీ పెరట్లోకి మారాయి. అమ్మ చీర అడ్డం కట్టింది. డిసెంబర్ చలిలో తెల్లారే పెరట్లో స్నానం ఎలా ఉంటుందో భద్రాచలం వైపు వాళ్లని అడగండి. నాన్న మాత్రం ‘చిన్నప్పుడు మేం ఇట్టాగే చేసేవాళ్లం’ అంటూ పళ్లు టకటకలాడించుకుంటూ వచ్చేవారు.

సంక్రాంతి సెలవుల్లో అసలు పని

జనవరిలో మళ్లీ కవర్ అంటించాను. ఈసారి కింద పొడి. ఇక నా పని మొదలైంది.

పలకల డబ్బాని రెండు రోజుల ముందే తెచ్చి ఆ గది పక్కనే పడుకోబెట్టాను. వినైల్ వేడికి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, గది వేడికి అలవాటు పడాలి. కొత్తగూడెం, భద్రాచలం ఎండలు మీకు తెలిసిందే, ప్రతి మేలో పేపర్లో హెడ్డింగులు అవుతాయి. అందుకని గోడల వెంట నాలుగైదు మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ఆ ఖాళీని సిమెంటుతో కాదు, సిలికాన్‌తో నింపాలి. సిమెంటు సాగదు, సిలికాన్ సాగుతుంది. నేరుగా ఎండ పడే వెంటిలేటర్ ఉంటే దానికి ఒక తెర కట్టడం మంచిది.

నేలని వైరు బ్రష్‌తో తోమి, పాత సబ్బు జిడ్డు అంతా తీసి, నాపరాళ్ల మధ్య గాడుల్ని పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపాను. ఇది చాలా ఓపిక పని. రెండు మిల్లీమీటర్ల పలక కింద ఒక చిన్న ఇసక రేణువు ఉన్నా నెల తర్వాత పైకి మొటిమలా కనిపిస్తుంది. ఇడ్లీ పిండంత జారుగా కలుపుకుంటే గాడిలోకి బాగా దిగుతుంది. ఆరాక అరచేతితో మొత్తం తడిమి చూశాను. కళ్లకన్నా అరచెయ్యే బాగా చెబుతుంది.

తర్వాత వాటర్‌ప్రూఫ్ పూత. పొడి, ద్రవం రెండూ కలిపేది. ఒక పూత నిలువుగా, అది ఆరాక ఇంకోటి అడ్డంగా. గోడ మీదకి కూడా అడుగు ఎత్తు దాకా. పూత బాగా గట్టిపడ్డాక గడప దగ్గర బంకమట్టితో గట్టు కట్టి, జాలీకి గుడ్డ కుక్కి, ఒక రోజంతా నీళ్లు నిలబెట్టాను. మట్టం గీత పెన్సిల్‌తో గోడ మీద గీసుకున్నాను. మర్నాటికి గీత దగ్గరే ఉంది. మళ్లీ ఆరబెట్టడం, మళ్లీ ఫ్యాన్.

పలకలు వెయ్యడం? అది నిజంగానే రీల్‌లో చూపించినంత తేలిక. ముందు గమ్ లేకుండా అన్నీ పరిచి చూసుకోవాలి. తలుపు దగ్గర పూర్తి పలక వచ్చేలా, గోడ పక్కన సన్నటి పీలిక మిగలకుండా. అతుకులన్నీ ఒకే గీతలో రాకూడదు, ఇటుకల గోడలా తప్పించి పెట్టాలి. కత్తితో పైన గట్టిగా ఒక గీత గీసి వెనక్కి వంచితే చాలు, విరుగుతుంది. కమోడ్ చుట్టూ గుండ్రంగా కొయ్యడానికి పాత న్యూస్‌పేపర్‌ని అచ్చుగా వాడాను. పేపర్‌ని కమోడ్ మొదట్లో నొక్కి, మడతపడ్డ గీత మీద కత్తిరించి, దాన్ని పలక మీద పెట్టి గీసుకోవడమే. బట్టలు కుట్టేవాళ్లు చేసే పనే ఇది.

గమ్ విషయంలో పిసినారితనం వద్దు. తడి తగిలే చోటికి రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ రకమో, పీయూ రకమో తీసుకోవాలి. కలిపిన కాసేపటికే గట్టిపడుతుంది కాబట్టి మొత్తం ఒకేసారి కలపకుండా సగం సగం కలిపాను. పళ్ల తాపీతో లాగి, పలక పెట్టి, గుడ్డ చుట్టిన చపాతీ కర్రతో గట్టిగా రుద్దాను. (చపాతీ కర్ర సంగతి అమ్మకి ఈ వ్యాసం వచ్చాకే తెలుస్తుంది.) చేతికి గ్లవ్స్, కిటికీ తీసి, ఫ్యాన్ పెట్టుకుని. వాసన గట్టిగానే ఉంటుంది.

అమ్మమ్మ గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను ఎంచుకున్నది టేకు రంగు.

‘ఏందిరా అబ్బాయ్, నీళ్లల్లో చెక్కలేస్తున్నవ్? చెదలు పట్టిద్దిరా.’

‘చెక్క కాదు అమ్మమ్మా, ప్లాస్టిక్. చెక్క బొమ్మ అచ్చేశారంతే.’

‘అంటే... ఊరి వెనకమాల టేకు అడివి పెట్టుకోని, బజాట్లో టేకు బొమ్మ కొనుక్కొచ్చినవా?’

దానికి నా దగ్గర జవాబు లేదు.

రెండు వైపులా కలిసే చోట గట్టు కట్టించలేదు. చాలామంది నీళ్లు ఇటు రాకుండా అరంగుళం గట్టు పెడతారు. పెద్దవాళ్లున్న ఇంట్లో అదే కాలికి తగిలే రాయి. దానికి బదులు గ్రానైట్ వైపు వాలు ఇంకాస్త ఎక్కువ కట్టించాం, మధ్య గీతని సిలికాన్‌తో నింపాం. రెండు రోజుల దాకా ఎవరినీ లోపలికి రానివ్వలేదు.

లెక్కలు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. పలకలు చదరపు అడుగు 70 రూపాయల చొప్పున ఒక డబ్బా 36 అడుగులు, 2,520. గమ్ 900. వాటర్‌ప్రూఫ్ పూత 1,600. సిలికాన్ రెండు ట్యూబులు 500. కత్తి, తాపీ, బ్రష్ 400. గాడుల సిమెంటు 350. అంటే నేను చేసిన వైపుకి 6,270. మేస్త్రి, ఆయన మనిషి రెండు రోజుల కూలి 3,400, గ్రానైట్ ముక్కలు 1,200, సిమెంటు, ఇసక వగైరా 1,000. మొత్తం 11,870. మీ ఊళ్లో రేట్లు ఇంకోలా ఉంటాయి. ఈ లెక్కలో పట్టుకునే స్టీల్ రాడ్లు లేవు. కమోడ్ పక్కన ఒకటి, స్నానాల మూలలో ఒకటి విడిగా పెట్టించాం. నిజానికి డబ్బులు తక్కువగా ఉండి ఒక్కటే చేయించగలిగితే, నేల సంగతి తర్వాత, ముందు ఆ రాడ్లు పెట్టించండి. పడబోయే మనిషికి కింద ఏ నేల ఉందన్నదానికన్నా చేతికి ఏం దొరికిందన్నదే ముఖ్యం. రాత్రిపూట వెలిగే చిన్న బల్బు కూడా.

గోదావరి వస్తే?

మా వైపు ఇల్లు కట్టేవాడు ఎవడైనా మొదట ఆలోచించేది ఇదే. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3. అప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపేశారు, మేం ఇటు, చుట్టాలు అటు. నీళ్లు మా వీధి చివరిదాకా వచ్చి ఆగాయి.

2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు పొంగినప్పుడు ఏటి పక్కన ఉన్న మా పిన్ని ఇల్లు మునిగింది. నీళ్లు తగ్గాక కడగడానికి మేం అందరం వెళ్లాం. అక్కడ నేలల పరీక్ష కళ్లారా చూశాను. హాల్లో నాపరాళ్లు. మోకాలి లోతు బురద పారతో ఎత్తి, మోటారు పెట్టి కడిగితే సాయంత్రానికి మళ్లీ నేలే. పడగ్గదిలో ప్లాస్టిక్ కార్పెట్. పైన శుభ్రంగానే కడిగాం. రెండు రోజులకి గదిలో ఒకటే కంపు. లేపి చూస్తే కింద వేలు మందం ఒండ్రు, అంచుల్లోంచి దూరి పేరుకుని ఉంది. మొత్తం చుట్ట చుట్టి బయట పడేశాం.

కాబట్టి వరద వచ్చే వీధిలో ఉన్నవాళ్లకి నా సలహా సూటిగా: వినైల్ వద్దు, ఏ రకమూ వద్దు. గరుకు రాయే వేసుకోండి. వరదలో బాత్‌రూమ్‌కి ఇంకో బాధ కూడా ఉంది. నీళ్లు గడప దాటి రావడానికి ముందే జాలీలోంచి, కమోడ్‌లోంచి ఎదురెక్కుతాయి. సెప్టిక్ ట్యాంక్ నీళ్లన్నమాట. పైపుకి వెనక్కి రాకుండా ఆపే వాల్వ్ ఒకటి ఉంటుంది, కొత్తగా పైపులు వేయించుకునేవాళ్లు ప్లంబర్‌ని అడిగి పెట్టించుకోవచ్చు. అలా మునిగిన నేలని ఒట్టి నీళ్లతో కడిగి వదలకుండా బ్లీచింగ్ చల్లాలి. యాసిడ్ సంగతి పైన చెప్పాను కదా, అక్కడికి కూడా వర్తిస్తుంది.

అద్దె ఇళ్లలో ఉండే ఫ్రెండ్స్ అడుగుతున్నారు, ‘మరి మేం?’ అని. నేలకి చెయ్యి పెట్టే హక్కు లేనప్పుడు గమ్‌తో అంటించే పని పెట్టుకోవద్దు. కింద గాలి ఆడే గళ్ల మ్యాట్ తడి మూలలో వేసుకోండి, వారానికోసారి ఎత్తి ఎండలో పెట్టండి. ఎత్తకపోతే దాని కిందే పాచి.

మా నేల వేసి ఇప్పటికి ఏడు నెలలు. ఒక వానాకాలం మొదలై నడుస్తోంది. గడప దగ్గర ఒక పలక మూల గోరంత లేచింది, గమ్ పెట్టి రాత్రంతా పచ్చడి జాడీ బరువు పెట్టాను, కూర్చుంది. స్నానం అయ్యాక వైపర్‌తో ఒకసారి లాగడం ఇంట్లో అందరికీ అలవాటైంది, నాన్నకి తప్ప. సబ్బునీళ్లతో తుడిస్తే చాలు, యాసిడ్ సీసా ఇంట్లోంచి వెళ్లిపోయింది. అమ్మమ్మ ఒక చేత్తో రాడ్ పట్టుకుని తనంతట తాను వెళ్లొస్తోంది, తలుపు మాత్రం గడియ పెట్టనివ్వడం లేదు అమ్మ.

డబ్బాలో ఇరవై నాలుగు పలకలొచ్చాయి, పదిహేడు పట్టాయి. మిగిలిన ఏడూ మంచం కింద చదునుగా పడుకోబెట్టాను, ఎప్పుడైనా ఒకటి పాడైతే అదే రంగు మళ్లీ దొరకదు. కోసిన ముక్కలు మాత్రం ఒక సంచి నిండా అయ్యాయి. పక్కింటాయన చలిమంటలో వెయ్యమన్నాడు. పీవీసీని కాల్చకూడదు, ఆ పొగలో హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్ల లాంటి విషాలుంటాయి. పంచాయతీ ట్రాక్టర్ వచ్చిన రోజున పొడి చెత్తలో వేశాను. ఒక పొడుగాటి ముక్క అమ్మమ్మ దాచుకుంది, దేవుడి గూట్లో దీపం కింద పెట్టుకోవడానికి. ‘నూనె కారినా తుడిస్తే పోయిద్ది’ అంటోంది.